ఇంటి బేకింగ్ రెసిపీలను పుస్తకంగా వేయాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సైనిక్‌పురి_ఓవెన్ (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో కేకులు, బిస్కెట్లు, బ్రెడ్ చేయడం నాకు చాలాకాలంగా అలవాటు. బాగా కుదిరినవి తెలుగులో బ్లాగులో రాసుకుంటూ వచ్చాను. తెలుగులోనే ఎందుకంటే, మొదట అడిగింది మా అత్తగారు. ఆమె చేతి పిండివంటలకు మా వీధిలో పేరుంది, కానీ ఓవెన్ ముందు నిలబడేసరికి ఇంగ్లిషు రెసిపీలు అడ్డం వచ్చేవి. ఆమె కోసం రాసినవి మెల్లగా కరీంనగర్ నుంచి, ఏలూరు నుంచి కూడా చదవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మా హైదరాబాద్ నగరంలోని ఒక చిన్న ప్రచురణ సంస్థ వారు వీటిని పుస్తకంగా వేద్దామంటున్నారు. 160 పేజీలు, కొన్ని రంగుల ఫొటోలు, ధర రూ.350 ఉండవచ్చన్నారు. నా దగ్గర రెండు వందలకు పైగా రెసిపీలు ఉన్నాయి. ఏవి ఉంచాలి, ఏవి వదిలేయాలి? ఫొటోల్లో కొన్ని నావి, కొన్ని స్నేహితురాలు తీసినవి. ఒప్పందం అనే మాట వినగానే భయంగా ఉంది. సొంతంగా వేసుకుంటేనే లాభమని ఆఫీసులో ఒకరు గట్టిగా చెబుతున్నారు. ఈ దారిలో నడిచినవాళ్లు, పుస్తకాల పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

రాగిపిండి

అభినందనలు అక్కా! మీ రాగి కుకీలు మా ఇంట్లో నెలకు రెండుసార్లయినా కాలుతాయి. నా మాట వింటే రెండు వందలూ వేయండి. తెలుగులో బేకింగ్ పుస్తకాలు ఎన్ని ఉన్నాయి గనుక?

కొత్తపేట_కేకులు

రాగిపిండి గారి అభిమానం అర్థమైంది కానీ, నేను ఒప్పుకోను. 160 పేజీల్లో ముందుమాట, పనిముట్లు, కొలతలు, విషయసూచిక పోగా మిగిలేవి 130 పేజీలు. ఒక్కో రెసిపీకి రెండు పేజీలు ఇస్తే అరవై అయిదు. రెండు వందలు కుక్కితే ఒక్కోదానికి పదిహేను వాక్యాలు కూడా రావు, ఆ రాతతో కొత్తవాళ్లు కేకు చేయలేరు.

ఎంపికకు నేను పాటించే పద్ధతి చెబుతాను. నేను ఆర్డర్ల మీద కేకులు చేసి అమ్ముతాను, వారాంతాల్లో తరగతులు కూడా చెబుతాను. ఎక్కువమంది మెచ్చుకున్న రెసిపీని పక్కన పెట్టి, ఎక్కువమంది ప్రశ్నలు అడిగిన రెసిపీని ముందు తీసుకోండి. "చాలా బాగుంది" అన్నవాళ్లలో సగం మంది ఫొటో చూసి అన్నవాళ్లే. "మధ్యలో కుంగింది ఎందుకండి?", "నా ఓవెన్‌లో పైన మాడి లోపల పచ్చిగా ఉంది" అన్నవాళ్లు నిజంగా చేశారు. వాళ్ల ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఒక్కోదానికి జవాబు రెసిపీ లోపలే ఏ మెట్టు దగ్గర రావాలో అక్కడ పెట్టండి. చివర్లో "సందేహాలు, సమాధానాలు" అని విడిగా ఒక అధ్యాయం వేస్తే ఎవరూ చూడరు. పిండి చేతులతో ఉన్న మనిషి పేజీలు తిప్పడు.

మీ దగ్గర ఏళ్ల తరబడి పోగైన ప్రశ్నలు ఉన్నాయి. కొత్తగా పుస్తకం రాద్దామని కూర్చున్నవాళ్లకు అవి దొరకవు. ప్రచురణకర్తకు మీరు ఇవ్వగల గొప్ప సరుకు అదేనని నా నమ్మకం.

తార్నాక_పెద్దమ్మ

కొత్తపేట అమ్మాయి సరిగ్గా చెప్పింది. మా తరం ఆడవాళ్లు చాలామంది మాలతీ చందూర్ గారి వంటల పుస్తకం దగ్గర పెట్టుకుని వంట నేర్చుకున్నవాళ్లమే. ఆమె ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు ప్రమదావనం శీర్షిక నడిపి, పాఠకుల ప్రశ్నలకు జవాబులు చెప్పారు. కొత్తగా కాపురం పెట్టిన పిల్ల ఏ దగ్గర తడబడుతుందో ఆమెకు ఎదురుగా కూర్చుని చూసినట్టు తెలుసు. అందుకే ఆ పుస్తకం అన్నిసార్లు అచ్చయింది.

నీ పుస్తకం కూడా ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయి తల్లీ. మీ అత్తగారే ఉన్నారు కదా.

లెక్కల_మాస్టారు

నేను గణితం ఉపాధ్యాయుడిని, ఆదివారాలు బ్రెడ్ చేస్తాను. ఎంపిక సంగతి సరే, దానికన్నా ముందు కొలతలు తేల్చాలి. మీ బ్లాగు చూశాను. పాతవాటిలో కప్పులు, కొత్తవాటిలో గ్రాములు ఉన్నాయి. ఒక్కో రెసిపీ విడిగా చదివినప్పుడు ఇది కనిపించదు, ఒకే అట్టల మధ్య చేరినప్పుడు పుస్తకం మీద నమ్మకమే పోతుంది.

మన బజారులో దొరికే కప్పులే 200, 240, 250 మిల్లీలీటర్లని మూడు రకాలు. అదే 240 కప్పులో మైదాను చెంచాతో వదులుగా నింపి పైన చదును చేస్తే సుమారు 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పడుతుంది. రెండు కప్పుల కేకులో 60 గ్రాముల తేడా వస్తే అది కేకులా ఉండదు, ఎండిన ముద్ద అవుతుంది. కాబట్టి గ్రాములు తప్పనిసరి.

రెండోది, టిన్ను కొలత. 8 అంగుళాల గుండ్రటి టిన్ను వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు. 6 అంగుళాలది 28. అంటే 8 అంగుళాల రెసిపీలో సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే చిన్న టిన్నులో పడుతుంది. చాలామంది "రెండు అంగుళాలే కదా తేడా" అనుకుని మొత్తం పోసేస్తారు, అది పొంగి ఓవెన్ అడుగున కాలుతుంది. 7 అంగుళాల చదరపు టిన్ను మాత్రం 49, కాబట్టి 8 అంగుళాల గుండ్రటిదానికి బదులు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఈ పట్టిక ఒకటి లోపలి అట్ట మీద వేయించండి. బేగంబజారులో ఏ టిన్ను దొరికినా పుస్తకం పనికొస్తుంది.

కొత్తపేట_కేకులు

మాస్టారూ, లెక్క బాగుంది. కానీ మా తరగతులకు వచ్చేవాళ్లలో సగం మంది ఇళ్లలో కాటా లేదు. గ్రాములే వేస్తే కొత్తవాళ్లు పుస్తకం దుకాణంలోనే తిరిగి పెట్టేస్తారు.

లెక్కల_మాస్టారు

కేకు టిన్ను కొన్నవాళ్లు వంటింటి కాటా కూడా కొనగలరండి. ఒక మంచి కేకుకు అయ్యే బటర్ ఖర్చుకు కాస్త అటూ ఇటూగా చిన్న కాటా వస్తుంది.

కొత్తపేట_కేకులు

కొనగలరు, కానీ కొనే ముందు ఒక్క కేకు కుదరాలి కదా. ఆ మొదటి కేకు కప్పుతోనే కుదరాలి. నేను రోజూ చూసేది ఇదే. "నా వల్ల కాదు" అనుకుని వచ్చిన మనిషి ఒక్కసారి గెలిస్తే తర్వాత కాటా కొంటుంది, థర్మామీటరు కూడా కొంటుంది.

సైనిక్‌పురి_ఓవెన్

మీ ఇద్దరి మాటా విన్నాక ఒక నిర్ణయానికి వచ్చాను. ముందు గ్రాములు, పక్కన కప్పులు. ఆ కప్పు 240 మిల్లీలీటర్లదని, చెంచాతో నింపాలని ప్రతి అధ్యాయం మొదట్లో ఉంటుంది. బ్రెడ్ అధ్యాయంలో మాత్రం గ్రాములే ఇస్తాను, అక్కడ కప్పులతో రాయడానికి నా మనసు ఒప్పుకోదు.

గుడ్డు సంగతి కూడా అడగాలి. విదేశీ రెసిపీల్లో పెద్ద గుడ్డు అంటే పెంకు తీశాక సుమారు 50 గ్రాములు. మన కిరాణాలో వచ్చేవి చాలాసార్లు అంతకన్నా చిన్నవి. గుడ్లను కూడా గ్రాముల్లో రాస్తే మరీ చాదస్తంగా ఉంటుందా?

లెక్కల_మాస్టారు

రాయండి. "3 గుడ్లు, పెంకు లేకుండా సుమారు 140 గ్రాములు" అంటే చాలు. కాటా ఉన్నవాళ్లు తూస్తారు, లేనివాళ్లు మూడు కొడతారు.

మల్కాజిగిరి_మైదా

నాది వేరే మాట. ఈ పుస్తకం హైదరాబాదులో కూర్చుని రాస్తున్నదని చదవగానే తెలియాలి. ఇంటర్నెట్టులో ఉన్న లక్ష రెసిపీలు ఉండగా 350 రూపాయలు పెట్టి కొనడానికి నాకు కారణం కావాలి.

ఉదాహరణకు "బటర్ గది ఉష్ణోగ్రతలో ఉండాలి" అని ప్రతి చోటా ఉంటుంది. చక్కెరతో కలిపి తెల్లగా నురగొచ్చేలా గిలకొట్టడానికి బటర్ ఇంచుమించు 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన వంటింట్లో 35 దాటుతుంది, బటర్ కరగడం మొదలయ్యేదే ఆ దగ్గర. కరిగిన బటర్‌లో గాలి నిలవదు, కేకు బరువుగా వస్తుంది. అలాంటప్పుడు ఆ వాక్యాన్ని యథాతథంగా ఎలా రాస్తాం? "వేసవిలో ఫ్రిజ్ నుంచి తీసిన పది నిమిషాలకే మొదలుపెట్టండి, వేలితో నొక్కితే గుంట పడాలి కానీ వేలు జారకూడదు, గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టుకోండి" అని రాయాలి. డిసెంబరుకు వేరే వాక్యం కావాలి.

బ్రెడ్ కూడా అంతే. "గంటన్నర పొంగనివ్వాలి" అని చల్లటి దేశాల్లో రాసుకున్నది ఇక్కడ ఏప్రిల్‌లో ముప్పావు గంటకే రెట్టింపు అయిపోతుంది. గడియారం చూస్తూ కూర్చుంటే పులిసిపోతుంది. ఎత్తు గురించి మాత్రం భయపడనక్కరలేదు. నగరం సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. సాధారణంగా 900 మీటర్లు దాటాకే బేకింగ్ పౌడర్, చక్కెర తగ్గించుకునే అవసరం వస్తుంది.

ఇంకొకటి, మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే పసుపు రంగులో ఉండే ప్యాకెట్ బటర్‌లో ఉప్పు ఉంటుంది. ఏ రెసిపీలో ఏ బటర్ వాడారో స్పష్టంగా చెప్పండి. ఉప్పు ఉన్నదైతే విడిగా ఉప్పు వద్దని కూడా చెప్పండి.

రాగిపిండి

కరెంటు పోతే ఏమి చేయాలో కూడా రాయండి అక్కా. మా కాలనీలో సాయంత్రం వాన పడితే ఓవెన్ ఆగిపోతుంది. తలుపు తెరవకుండా వదిలేస్తే బిస్కెట్లు చాలావరకు గట్టెక్కుతాయి, స్పాంజి కేకు మాత్రం సగంలో ఆగితే మళ్లీ లేవదు.

ఇంకో విన్నపం, కుక్కర్ కేకు తీసేయవద్దు. గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి స్టాండు పెట్టి చేసే కేకుతోనే మా ఊళ్లో అందరూ మొదలుపెట్టారు.

మల్కాజిగిరి_మైదా

కుక్కర్ తయారీ సంస్థలు నీళ్లు లేకుండా కుక్కర్ వేడి చేయవద్దని అంటాయి. నా సలహా, మందపాటి అడుగు ఉన్న పెద్ద గిన్నె, బిగువుగా పట్టే మూత వాడమనండి. పని అదే, ప్రమాదం తక్కువ.

సైనిక్‌పురి_ఓవెన్

గిన్నె పద్ధతే వేస్తాను. వేసవి, వానాకాలం, చలికాలం గమనికలు ప్రతి రెసిపీ కింద చిన్న అక్షరాల్లో ఇవ్వాలని కూడా ఇప్పుడే రాసుకున్నాను. ఈ ఆలోచన నాకు ఎంతో నచ్చింది మల్కాజిగిరి గారూ, పుస్తకానికి వెన్నెముక దొరికినట్టు అనిపిస్తోంది.

ఇక ఉస్మానియా బిస్కెట్లు, ఫైన్ బిస్కెట్లు (పొరలవి), ఖారా (ఉప్పగా ఉండేవి), దిల్‌ఖుష్ (కొబ్బరి కూరిన తీపి రొట్టె) వంటివి పెట్టాలా? ఇవి ఊరి బేకరీలవి. నాలాంటి ఇంటి మనిషి రాస్తే "అది అసలుది కాదు" అంటారేమోనని సంకోచం.

పాతబస్తీ_చాయ్

తప్పకుండా పెట్టండి అక్కా! అవి లేకుండా హైదరాబాద్ బేకింగ్ పుస్తకం ఏమిటి? మా ఇంటికి నాలుగడుగుల దూరంలో ఇరానీ హోటల్ ఉంది, పొద్దున్నే ఉస్మానియా బిస్కెట్ల ట్రే బయటికి వచ్చే వేళకు వీధంతా తెలుస్తుంది.

కానీ "అసలైన" అనే మాట మాత్రం వాడవద్దు. ఆ బిస్కెట్టుకు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు వచ్చిందని అందరూ ఒప్పుకుంటారు. ఎవరు మొదట చేశారన్న దగ్గర మాత్రం ఎవరి కథ వారిది. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం మొదలైందని ఒకరు, నిజాం గారి కోరిక మీద అని ఇంకొకరు చెబుతారు. కథలను కథలుగానే రాయండి. రుచి గురించి మాత్రం ధైర్యంగా రాయండి. తీపి వెనకే ఉప్పు తగలాలి, చాయ్‌లో ముంచితే విరిగి పడకూడదు, నోట్లో పెట్టుకుంటే నమిలే పని ఉండకూడదు. ఈ మూడు గుణాలు మీ ఇంటి ఓవెన్‌లో వస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

మరో సంగతి కూడా పుస్తకంలో చేరాలని నా కోరిక. మా పేటలో ఇప్పటికీ పండుగకు ముందు మైదా, నెయ్యి, చక్కెర ఇంటి నుంచి తీసుకెళ్లి బేకరీలో బిస్కెట్లు కాల్పించుకుంటారు. సికింద్రాబాద్ వైపు క్రిస్మస్‌కు కేకు సరుకులు కూడా అలాగే పట్టుకెళ్లే కుటుంబాలు ఉన్నాయి. ఇళ్లలో ఓవెన్లు లేని రోజుల్లో ఈ ఊరు బేకింగ్ చేసుకున్న తీరు అది. పెద్ద భట్టీలో కాలిన బిస్కెట్టు అడుగు రంగు ఇంటి ఓవెన్‌లో ఎందుకు రాదో, దగ్గరగా రావాలంటే ట్రే ఎక్కడ పెట్టాలో మీరు రాస్తే చదవాలని ఉంది.

తార్నాక_పెద్దమ్మ

మా చిన్నప్పుడు మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా బంధువుల ఇళ్లకు పట్టుకెళ్లడం మర్యాద. 1953లో పెట్టిన దుకాణం అది. దేశ విభజన తర్వాత అటు నుంచి వచ్చిన సింధీ కుటుంబం ఇక్కడ నిలదొక్కుకుంది. ఇరానీలు, సింధీలు, కంటోన్మెంటు ఆంగ్లో ఇండియన్లు, అందరి చేతులూ కలిస్తేనే ఈ ఊరి బేకరీ రుచి. ఒక రెండు పేజీలు దానికి ఇవ్వు తల్లీ.

అచ్చుపని

ఆలస్యంగా చూశాను. ముప్పై ఏళ్లుగా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం), అచ్చు పనిలో ఉన్నాను. కొన్ని విషయాలు ఇప్పుడే తెలుసుకుంటే మీకు చాలా బాధ తప్పుతుంది.

అన్నిటికన్నా ముందు ఫొటోలు. కంప్యూటర్ తెర మీద మెరిసిన ఫొటో కాగితం మీద నిలవదు. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు (పిక్సెళ్లు) కావాలి. బ్లాగులో పెట్టే 1200 పిక్సెళ్ల ఫొటో అచ్చులో 4 అంగుళాల వెడల్పుకే సరిపోతుంది. క్రౌన్ సైజు (సుమారు ఏడుంపావు అంగుళాల వెడల్పు) పేజీ నిండా రావాలంటే 2200 పైన ఉండాలి. కాబట్టి ఫోనులోనో కెమెరాలోనో ఉన్న మూల ఫొటోలు వెతికి పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్నవి కుదించుకుపోయి ఉంటాయి, అవి పనికిరావు. తెర మీద బొమ్మ మూడు రంగుల కలయిక, అచ్చులో నాలుగు సిరాలు, అందుకే రంగులు మారతాయి. చాక్లెట్ కేకు, బాగా కాలిన రొట్టె అచ్చులో ఇంకా నల్లబడతాయి, కొంచెం వెలుతురు పెంచి ఇవ్వాలి. నమూనా అచ్చు చూడకుండా ఒప్పుకోకండి.

160 పేజీలంటే 16 పేజీల చొప్పున 10 ఫారాలు (ఒక్కో ఫారం అంటే ఒకేసారి అచ్చయి మడత పెట్టే కాగితం). రంగుల ఫొటోలన్నీ ఒకే ఫారంలో, ఆర్ట్ పేపర్ మీద వేసి మధ్యలో కుడితే ఖర్చు బాగా తగ్గుతుంది. ఇది చాలామంది ప్రచురణకర్తలు సూచించేదే. ఇబ్బంది ఏమిటంటే బొమ్మ ఒకచోట, రెసిపీ ఒకచోట పడతాయి. నన్నడిగితే ముస్తాబు చేసిన కేకుల ఫొటోలు పన్నెండు చాలు. వాటికన్నా పిండి ఏ దశలో ఎలా ఉండాలో చూపే చిన్న నలుపు తెలుపు బొమ్మలు, గీతల బొమ్మలైనా సరే, రెసిపీ పక్కనే ఉంటే చదివేవాళ్లకు మేలు.

తర్వాత అక్షరాలు. మీరు బ్లాగులో రాసింది యూనికోడ్, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా చదవగలిగే అక్షర పద్ధతి. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాలు) పేజీలు పెడతారు. మార్చేటప్పుడు ½, ¼, డిగ్రీ గుర్తు వంటివి ఎగిరిపోతాయి లేదా వేరే అక్షరాలుగా మారతాయి. కథల పుస్తకంలో ఒక అక్షరం పోతే పాఠకుడు సర్దుకుంటాడు. వంటల పుస్తకంలో "½ చెంచా వంట సోడా" కాస్తా "2 చెంచాలు" అయిందనుకోండి, ఆ కేకు ఎవరూ తినలేరు. యూనికోడ్‌లోనే ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) పేజీలు పెట్టగలవాళ్లను అడగండి. కుదరకపోతే భిన్నాలను "అర", "పావు" అని అక్షరాల్లో రాయండి. అంకెల ప్రూఫు (అచ్చుకు ముందు తప్పులు దిద్దే ప్రతి) మాత్రం విడిగా, ఒకరు పైకి చదువుతూ ఉంటే మరొకరు మూలంతో పోల్చుతూ చూడాలి.

బైండింగ్ గురించి పట్టుబట్టండి. జిగురు మాత్రమే వేసిన పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే మూసుకుపోతుంది, బలవంతంగా నొక్కితే పేజీలు ఊడతాయి. కుట్టు బైండింగ్ అడగండి. ఒక రెసిపీ ఎదురెదురు పేజీల్లోనే పూర్తి కావాలి. అట్టకు ల్యామినేషన్ ఉండాలి, నూనె చేతులు తగిలే పుస్తకం కదా.

సైనిక్‌పురి_ఓవెన్

అచ్చుపని గారూ, ఇంత వివరంగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. భిన్నాల సంగతి వినగానే గుండె జారింది. అన్నీ "అర", "పావు" అని మార్చడం ఈ రాత్రే మొదలుపెడతాను.

కాగితం_సంతకం

నేను న్యాయవాదిని. ఇది సాధారణ సమాచారమే, సంతకానికి ముందు మీ కాగితాలు ఎవరికైనా చూపించండి.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం మైదా ఇంత, చక్కెర ఇంత అన్న ఆలోచన మీద ఎవరికీ హక్కు ఉండదు. మీరు మీ మాటల్లో రాసిన వివరణ, ముందుమాట, గమనికలు మాత్రం మీవే. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. ఇతరుల రెసిపీ నుంచి నేర్చుకున్నవి ఉంటే వాళ్ల వాక్యాలు రానివ్వకండి, పేరు చెప్పి కృతజ్ఞత తెలపండి. చట్టం అడిగినా అడగకపోయినా అది మర్యాద.

స్నేహితురాలు ఉచితంగా తీసి ఇచ్చిన ఫొటోల హక్కు ఆమెది. పుస్తకంలో వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. డబ్బిచ్చి తీయించుకున్నవైతే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు మీది.

ప్రచురణకర్తకు హక్కులు ఇవ్వడం రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. "అన్ని హక్కులూ, ఎప్పటికీ" అన్న వాక్యం కనిపిస్తే ఆగండి. తెలుగు అచ్చు పుస్తకానికి మాత్రమే ఇవ్వండి. అనువాదం, ఈబుక్, వీడియో హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి. బ్లాగులో రెసిపీలు ఉంచవచ్చా, తీసేయాలా అన్నది కూడా ఇప్పుడే రాయించుకోండి. రాయల్టీ (అమ్మిన ప్రతి పుస్తకానికి రచయితకు వచ్చే వాటా) దేని మీద, ముద్రిత ధర మీదా, లేక తగ్గింపు పోగా చేతికి వచ్చిన సొమ్ము మీదా? ఈ ఒక్క పదబంధంతో మీ ఆదాయం సగానికి పడిపోగలదు.

పుస్తకాల_సంచి

నేను పుస్తకాల దుకాణంలో పనిచేశాను. సొంతంగా వేసుకుంటేనే లాభమన్న మాటకు లెక్క చూద్దాం. ధర 350, రాయల్టీ ముద్రిత ధర మీద 10 శాతం అనుకుంటే ప్రతికి 35 రూపాయలు. వెయ్యి ప్రతులు అమ్ముడైతే 35 వేలు. మీ చేతి నుంచి ఒక్క రూపాయి పోదు.

సొంతంగా వేస్తే దుకాణాలకు, పంపిణీదారులకు కనీసం 40 శాతం తగ్గింపు ఇవ్వాలి. మీకు వచ్చేది 210. అచ్చు ఖర్చు ప్రతికి 140 అనుకుందాం, వెయ్యి ప్రతులకు లక్షా నలభై వేలు ముందే పెట్టాలి. 667 ప్రతులు అమ్ముడయ్యే దాకా పెట్టుబడే తిరిగి రాదు. అన్నీ పోతే 70 వేలు మిగులుతుంది, అంటే రెట్టింపు. కానీ కట్టలు మీ ఇంట్లో ఉంటాయి, దుకాణాల చుట్టూ మీరే తిరగాలి, డబ్బు నెలల తరబడి ఆగుతుంది. నేరుగా మీ పాఠకులకే ఐదారు వందల ప్రతులు అమ్మగలనన్న నమ్మకం ఉంటేనే ఆ దారి పట్టండి.

సొంతంగా వేసినా ఐఎస్‌బీఎన్‌కు డబ్బు కట్టనక్కరలేదు. రాజా రామ్‌మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ పుస్తకాన్ని గుర్తించే ఆ 13 అంకెల సంఖ్యను ఉచితంగా ఇస్తుంది. పుస్తకం వచ్చాక కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకు ప్రతులు పంపడం ప్రచురణకర్త బాధ్యత.

కాలం కూడా చూసుకోండి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో వస్తుంది. కేకుల కాలం కూడా అదే. ఆ నెలకు పుస్తకం స్టాల్లో ఉండాలంటే దసరా నాటికి ప్రూఫులు అయిపోవాలి. ప్రదర్శనలో బిస్కెట్లు అమ్మే ఆలోచన ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నమోదు చూసుకోవాలి, పుస్తకం అమ్మడానికి అది అవసరం లేదు.

సైనిక్‌పురి_ఓవెన్

ఈ లెక్క చూశాక ప్రచురణకర్తతోనే వెళ్తాను. దుకాణాలకు తిరిగే సమయం నాకు లేదు, ఆ సమయం రెసిపీల మీద పెట్టాలని ఉంది. రాయల్టీ ముద్రిత ధర మీదే అడుగుతాను, హక్కులు తెలుగు అచ్చుకే, కుట్టు బైండింగ్ తప్పనిసరి. ఈ మూడూ రాసి పంపాను. బైండింగ్ గురించి ఆలోచించి చెబుతామన్నారు, మిగతా రెండూ సరేనన్నారు.

కొత్తపేట_కేకులు

చాలా సంతోషం! ఇక అసలు పని మిగిలింది. మీ ఓవెన్‌లో కుదిరిన రెసిపీ మీకు మాత్రమే కుదిరినట్టు. అచ్చుకు వెళ్లేముందు ప్రతి రెసిపీని ఇంకో ఇద్దరు, వేర్వేరు ఓవెన్లలో, మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగకుండా, కాగితం చూసి చేయాలి. ఒకరు అనుభవం ఉన్నవాళ్లు, ఒకరు కొత్తవాళ్లు. చిన్న ఓటీజీల్లో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్లు) పై కడ్డీ దగ్గరగా ఉండి పైభాగం తొందరగా మాడుతుంది. ఫ్యాను ఉన్నవాటిలో 20 డిగ్రీలు తగ్గించాలి. బటను మీద 180 అని ఉన్నా లోపల 165 ఉండవచ్చు, 195 ఉండవచ్చు. "35 నిమిషాలు" అని మాత్రమే రాస్తే ఎవరికీ సరిపోదు. "35 నుంచి 42 నిమిషాలు, అంచులు టిన్ను నుంచి విడిపడి, పుల్ల గుచ్చితే తడి లేకుండా రావాలి" అని రాయాలంటే ఆ తేడాలు మీ కళ్లతో చూడాలి.

రాగిపిండి

నేను చేస్తాను అక్కా! 19 లీటర్ల చిన్న ఓవెన్, పై కడ్డీ బాగా దగ్గర.

లెక్కల_మాస్టారు

బ్రెడ్‌లు నాకు పంపండి. ఓవెన్ థర్మామీటరు ఉంది, అంకెలతో సహా రాసిస్తాను.

పాతబస్తీ_చాయ్

మా చెల్లెలు ఇప్పటివరకు ఓవెన్ ముట్టుకోలేదు. కొత్తవాళ్ల కోటాలో ఆమెను వేసుకోండి. ఉస్మానియాతో మొదలుపెడుతుంది, రుచి తీర్పు మా అమ్మది.

సైనిక్‌పురి_ఓవెన్

అందరికీ రెసిపీలు వేరుగా పంపుతున్నాను. ఎన్ని గ్రాముల సరుకు పడిందో, ఎన్ని నిమిషాలు కాలిందో, ఏ వాక్యం దగ్గర ఆగి రెండోసారి చదవాల్సి వచ్చిందో రాసి పంపండి. సరిగ్గా రాకపోయినా కోసిన ముక్క ఫొటో తప్పకుండా పంపండి, నాకు అదే ఎక్కువ అవసరం. ప్రతి ఒక్కరి పేరూ పుస్తకంలో ఉంటుంది. సరుకుల ఖర్చు నాది, దయచేసి వద్దనకండి.

తార్నాక_పెద్దమ్మ

నాకు ఖారా బిస్కెట్లు వచ్చాయి. మొదటి వరుసలోనే ఆగాను తల్లీ. "80 గ్రాముల నెయ్యి" అన్నావు. పేరుకున్న నెయ్యా, కరిగించినదా? ఇంట్లో బటర్ మాత్రమే ఉన్నవాళ్లు ఏమి చేయాలి?

సైనిక్‌పురి_ఓవెన్

పేరుకున్న నెయ్యే పెద్దమ్మా. కరిగించి పోస్తే పిండి జిడ్డుగా అయి బిస్కెట్టు పరుచుకుంటుంది. బటర్‌లో 80 శాతమే కొవ్వు కాబట్టి 80 గ్రాముల నెయ్యికి బదులు 100 గ్రాముల బటర్ తీసుకుని, పాలు ఒక పెద్ద చెంచా తగ్గించాలి. అది ఉప్పు ఉన్న బటర్ అయితే విడిగా వేసే ఉప్పు సగమే వేయాలి. ఈ నాలుగు వాక్యాలూ రెసిపీలో మొదటి వరుస కిందే చేర్చి, కొత్త ప్రతి మీకు, పాతబస్తీ గారి చెల్లెలికి పంపుతున్నాను.